కాలికి తెలిసిన దారి కాగితం మీదికి రావాలి

మేము విశాఖ మన్యంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొండ మీది ఊళ్ల బడుల్లో పనిచేసే ఆదివాసీ టీచర్లం. పుట్టింది ఇక్కడే. చదివింది ఆశ్రమ పాఠశాలల్లో. టీచర్ ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగమూ ఇక్కడే. మా బడుల్లో కొన్నింటికి ఈరోజుకీ బండి వెళ్లదు. తారు రోడ్డు అయిపోయిన చోట తెలిసినవాళ్ల ఇంటి ముందు బైకు పెట్టి, చెప్పులు చేత పట్టుకుని గెడ్డ దాటి, కొండెక్కి వెళ్తాం. ఇరవై ఏళ్లుగా ఈ దారులు నడుస్తున్నాం. అందుకే దారుల గురించి నాలుగు మాటలు మన పిల్లలకీ, తోటి టీచర్లకీ చెప్పాలనిపించింది.

ఇప్పుడు ప్రతి ఊళ్లో కుర్రాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. "మాస్టారూ, జీపీఎస్ ఉంది కదా, ఇంకా పటం ఎందుకు? దారి కోసం తాతని అడగడం ఎందుకు?" అంటున్నారు వాళ్లు. పెద్దవాళ్లేమో "ఆ డబ్బాకి మన కొండ గురించి ఏం తెలుసురా" అంటున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఫోను మనం ఎక్కడ నిలబడ్డామో చెబుతుంది. కాగితం మీది పటం మన చుట్టూ ఏముందో చూపిస్తుంది. ఈరోజు ఏ దారిలో పోవచ్చో, ఏ దారిలో పోకూడదో ఆ దారి నడిచిన మనిషికే తెలుస్తుంది. ఈ మూడూ ఒక చోటికి రాకపోతే నష్టపోయేది మన ఊళ్లే.

ముందు పెద్దల తీరు చూద్దాం. వాళ్లు దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు. "కేకేస్తే వినబడేంత దూరం", "చుట్ట కాలేంత దూరం", "తొలి కోడికి బయల్దేరితే సంతవేళకి చేరతావు" అంటారు. అంటే దూరాన్ని కాలంతో కొలుస్తున్నారన్నమాట. కొండల్లో అదే సరైన కొలత. వట్టి చేతులతో గంటలో దిగే దారిని పసుపు మూటతో ఎక్కాలంటే రెండు గంటలు దాటుతుంది. గుర్తులు చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. "పెద్ద పనస దగ్గర ఎడమకి తిరుగు. జీలుగు చెట్టు దాటాక ఊట వస్తుంది. అక్కడ నీళ్లు తాగి మెట్టెక్కు." ఈ మూడు మాటల్లో మలుపు ఉంది, నీళ్లున్నాయి, ఎక్కడ అలుపు తీర్చుకోవాలో కూడా ఉంది. ఇటుకల పండుగకి వేటకెళ్లే మగవాళ్లకి శిఖరాల మీది దారులు తెలుసు. అడ్డాకులకీ, దుంపలకీ, కట్టెలకీ వెళ్లే ఆడవాళ్లకి లోయల్లోని దారులు తెలుసు. ఊరి దారులన్నీ తెలుసుకోవాలంటే ఇద్దరినీ అడగాలి.

కానీ ఈ జ్ఞానం తరిగిపోతోంది. పనస చెట్టు గాలివానకి పడిపోతుంది. దారి చెప్పే తాత కాలం చేస్తాడు. పిల్లలు అయిదో తరగతి కాగానే హాస్టలుకి పోతారు, సెలవుల్లో వచ్చినా బైకు వెళ్లే దారే వాళ్లకి దారి. నడిచేవాళ్లు లేక రెండు మూడు వానాకాలాలు గడిస్తే కాలిబాటని తుప్పలు కమ్మేస్తాయి. మా మండలంలోనే మా చిన్నప్పుడు సంతకి నడిచిన దారుల్లో కొన్ని ఇప్పుడు మాకే ఆనవాలు దొరకడం లేదు.

ఇక ఫోను సంగతి. చాలామంది సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనుకుంటారు. అది నిజం కాదు. భూమికి దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను ఫోను నేరుగా అందుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మనం ఉన్న చోటు లెక్కకడుతుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. టవరు కావలసింది పటం బొమ్మని దించుకోవడానికి. అందుకే పాడేరులోనో, సిగ్నల్ దొరికే బండ మీదో ఉన్నప్పుడే మనకి కావలసిన ప్రాంతం పటాన్ని ఫోనులోకి దించిపెట్టుకోవాలి. ఆకాశం బాగా కనబడే చోట ఫోను చూపే చోటుకీ అసలు చోటుకీ కొద్ది మీటర్లే తేడా ఉంటుంది. ఇరుకు లోయలోనో, దట్టమైన చెట్ల కిందో ఆ తేడా చాలా పెరుగుతుంది. అలాంటి చోట కాస్త తెరిపిలోకి వచ్చి, ఒకటి రెండు నిమిషాలు కదలకుండా నిలబడి చూడాలి.

ఫోనుకి చేతకాని పనులు కూడా ఉన్నాయి. ఒకసారి బడికి సామాను తెచ్చే ఆటో అబ్బాయికి ఊరి పేరు కొత్తవలస అని చెప్పాం. అతను ఫోనులో ఆ పేరు కొడితే, అరకు రైలు వెళ్లే లైను మొదలయ్యే కొత్తవలస జంక్షన్‌ని చూపించింది. మన కొండల్లో కొత్తవలసలు, కొత్తూర్లు ఎన్ని ఉన్నాయో మనకే లెక్క తెలియదు. చాలా ఊళ్లకి ఫోను పటంలో పేరే లేదు. పేరున్న చోట కూడా కొన్నిసార్లు అక్షరాలు మారిపోయి ఊరివాళ్లే గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. కాలిబాటలైతే అసలు కనబడవు. అడవిలో నిలబడి పక్క ఊరికి దారి అడిగితే, తిరిగి పాడేరు వెళ్లి చుట్టూ తిరిగి రమ్మంటుంది. లేకపోతే దారి లేదంటుంది. మన ఆడవాళ్లు రోజూ నడిచే దారిని లేదనడం చూసి పిల్లలు నవ్వుకుంటారు. అది నవ్వి ఊరుకునే సంగతి కాదని కింద రాస్తాం.

కాగితం పటం ఇంకో రకం. సర్వే ఆఫ్ ఇండియా వేసిన పటాల్లో మనకి బాగా పనికొచ్చేవి 1:50,000 కొలతవి. పటం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పాత వరుసలో పాడేరు ప్రాంతం 65 జె అనే పటం కిందికి వస్తుంది. ఈ పటాల్లో గోధుమ రంగు వంపు గీతలుంటాయి. ఒక్కో గీత ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతూ పోతుంది. సాధారణంగా గీతకీ గీతకీ మధ్య ఎత్తులో 20 మీటర్ల తేడా. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరదూరంగా ఉంటే చదును. నీలం గీత నీళ్లున్న గెడ్డ. ముక్కలు ముక్కలుగా ఉన్న గీత కాలిబాట. ఈ నాలుగు విషయాలు వస్తే ఆరో తరగతి పిల్లలు కూడా పటం చదవగలరు.

మా బడి పిల్లలతో ఒక లెక్క చేయించాం. ఎదురుగా కనబడే ఊరు పటం మీద నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉంది. "రెండు కిలోమీటర్లు, అరగంట నడక" అన్నారు పిల్లలు. మధ్యలో గెడ్డ దాకా ఎన్ని గీతలు దిగాలో లెక్కపెట్టమన్నాం. పదిహేను. మళ్లీ అవతల ఎన్ని ఎక్కాలో చూడమన్నాం. అవీ పదిహేనే. అంటే 300 మీటర్లు దిగి, 300 మీటర్లు ఎక్కాలి. అప్పుడొక పిల్ల లేచి, "మా అప్ప ఆ ఊరికి పొద్దున పోతే మధ్యాహ్నానికి గానీ చేరదు, ఎందుకో ఇప్పుడు తెలిసింది మాస్టారూ" అంది. ఫోను తెర మీద చిన్న ముక్కే కనబడుతుంది. కాగితాన్ని నేల మీద పరిస్తే పదిమంది పిల్లలు చుట్టూ కూర్చుని కొండంతా ఒక్కసారి చూస్తారు. దానికి చార్జింగ్ అక్కర్లేదు. వానలో తడవకుండా ప్లాస్టిక్ కవరు ఉంటే చాలు.

అయితే పటం కూడా ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరానికి వేసిందే. ఈ సంగతి మన యువత మరచిపోకూడదు. సర్వే ఆఫ్ ఇండియా 1767లో, కంపెనీ పాలనలో పుట్టింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన పెద్ద త్రికోణ సర్వే మన తెలుగు నేల మీదుగా ఉత్తరానికి సాగింది. తరవాత ఎవరెస్టు శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ తొలి రోజుల్లో పనిచేసింది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోనే. అక్కడే అతనికి జ్వరం పట్టుకుంది. ఆ దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్ల పరికరాలు మోసినవాళ్ల పేర్లు, తుప్పలు నరికి దారి చేసినవాళ్ల పేర్లు మనకి తెలియవు. దారులు తెలిసినవాళ్ల బలం ఏమిటో మన చరిత్రలోనే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడింది. కొండదారులు కాలికి తెలిసినవాళ్లు పక్కన లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. కొన్నేళ్ల క్రితం మాకు దగ్గరి ఊళ్లో ఒక తల్లికి నొప్పులొచ్చాయి. డోలీ కట్టి దించారు. సిగ్నల్ దొరికిన చోట ఒక కుర్రాడు అంబులెన్సుకి ఫోను చేసి "గెడ్డ దగ్గరికి వస్తున్నాం" అన్నాడు. డ్రైవరు మైదానం నుంచి కొత్తగా వచ్చినవాడు. అతనికి తెలిసిన గెడ్డ దగ్గర అతను ఆగాడు. డోలీ ఇంకో గెడ్డ దగ్గర దిగింది. మధ్యలో ఒక మెట్ట. రెండు వైపులా మనుషులు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఒకరి జాడ ఒకరికి తెలిసేసరికి రెండు గంటలు గడిచాయి. ఆ తల్లి ఆసుపత్రికి చేరలేదు. తప్పు ఫలానా వాళ్లదని చెప్పడానికి ఇది రాయడం లేదు. మనకి 'గెడ్డ' అంటే ఒక్కటే, అది మన ఊరి గెడ్డ. బయటివాడికి ప్రతి గెడ్డా గెడ్డే.

ఆ తరవాత వేసవిలో మేమూ, ఊళ్ల యువకులూ, ఆశా కార్యకర్తలూ కలిసి కూర్చున్నాం. ఒక్కో ఊరి నుంచి డోలీ దిగే దారులేవో పెద్దల్ని అడిగి రాసుకున్నాం. ఆ దారి బండి వెళ్లే రోడ్డుని కలిసే చోట నిలబడి ఫోనులో అక్షాంశం, రేఖాంశం చూశాం. వేరే ఫోనుతో మళ్లీ సరిచూశాం. ఆ చోట్లకి ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టి, పక్కన అక్షాంశ రేఖాంశాలు వేసి బడి గోడ మీద పెయింటుతో రాశాం. అదే కాగితం ఆశా కార్యకర్త సంచిలో, అంబులెన్సు డ్రైవరు దగ్గర కూడా ఉంది. ఇప్పుడు ఫోను చేసినవాళ్లు "రెండో నంబరు చోటు" అంటే చాలు.

తరవాతి జూలైలోనే దాని అవసరం వచ్చింది. మా బడిలో మూడో తరగతి చదివే పాప వాళ్లమ్మకి నొప్పులు. గెడ్డ పక్క దారి దగ్గర, కొండ అంచు దారి దూరం. కుర్రాళ్లు ఫోనులో కొలిచి గెడ్డ దారే పోదామన్నారు. పాప వాళ్ల నాయనమ్మ పై కొండల వైపు చూసి, "అక్కడ నల్లగా పట్టింది. మనం దిగేసరికి గెడ్డ పొంగుతుంది. అంచున పోండి" అంది. అంచునే పోయారు. పైన మంచు కమ్మి రెండడుగుల ముందు ఏముందో కనబడలేదు. దారి రెండుగా చీలే చోట ఎటు పోవాలో తెలియక ఆగారు. వేసవిలో నడిచినప్పుడు ఫోనులో దాచుకున్న దారి గీత చూసుకుని కుడికి తిరిగారు. అంబులెన్సు రెండో నంబరు చోట ఉంది. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ బిడ్డ ఇప్పుడు అంగన్‌వాడీకి వస్తోంది. గెడ్డ పొంగుతుందని ఫోనుకి తెలియదు. ఆ మంచులో దారి నాయనమ్మకైనా కనబడేది కాదు. ఆ రోజు ఇద్దరి తెలివీ కలిసింది.

దారుల తరవాత భూమి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు పట్టాల కోసం కొలతలు జీపీఎస్‌తోనే తీస్తున్నారు. ఇక్కడ మన యువత కళ్లు తెరిచి ఉండాలి. కొండ మీది పోడు చెక్క నలుచదరంగా ఉండదు. గెడ్డతో పాటు వంకర తిరుగుతుంది, బండలు చుట్టి పోతుంది. కొలిచేవాళ్లు నాలుగైదు మూలల్లో మాత్రమే చోటు గుర్తించి గీతలు కలిపేస్తే, వంపుల్లో ఉన్న నేల గీత బయటికి పోతుంది. మా దగ్గర ఒక ఊళ్లో అలాగే జరిగింది. చోళ్లు, సామలు పండించే చెక్కలో ఎకరం పైచిలుకు తగ్గిపోయింది. ఊరి కుర్రాళ్లు హద్దు వెంట ప్రతి వంపులోనూ ఆగుతూ ఫోనుతో చుట్టూ నడిచారు. ఆ బొమ్మనీ, పక్క చెక్కల రైతుల మాటనీ గ్రామసభ ముందు పెట్టారు. గ్రామసభ మళ్లీ కొలవమని రాసింది. రెండోసారి కొలిచేటప్పుడు కుర్రాళ్లు పక్కనే నడిచారు, నేల లెక్కలోకి వచ్చింది.

ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఉపగ్రహ చిత్రం లాంటి సాంకేతికత మిగతా సాక్ష్యాలకి తోడుగా ఉండాలే గానీ వాటికి బదులుగా కాదని 2012లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. ఊరి పెద్దలు చెప్పిన మాటని రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. "చిత్రంలో మీ పోడు కనబడలేదు" అని ఎవరైనా అంటే, ఆ ఒక్క మాటతో మన హక్కు పోదు. పటం మన మాటకి సాక్షిగా రావాలి. మన మాట నోరు నొక్కడానికి రాకూడదు.

రోడ్డు కూడా ఇలాంటిదే. అడవిలో ఊరికి రోడ్డు, బడి, అంగన్‌వాడీ లాంటివి కట్టుకోవడానికి ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇచ్చే వీలు అదే చట్టంలో ఉంది. దానికి గ్రామసభ సిఫారసు కావాలి. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో, వంద జనాభా ఉన్న ఆదిమ తెగల ఊళ్లకి కూడా రోడ్డు వేయవచ్చు. కానీ ఊరు ఎక్కడుందో, ఎంతమందికి ఏ దారి ఆధారమో చూపించాలి కదా. పటంలో లేని ఊరికి రోడ్డు అడగడం కష్టం. ఫోను 'దారి లేదు' అంటే నవ్వి ఊరుకోకూడదని పైన అన్నది ఇందుకే.

మా టీచర్లకి పటం గీయడం కొత్త కాదు. 2011 జనాభా లెక్కలకి ముందు ఇళ్ల జాబితా తయారు చేసినప్పుడు మేమే ఊరి నక్షా చేత్తో గీశాం. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం వేయాలి. మా ఊళ్ల నక్షాల నిండా త్రిభుజాలే. ఆ కాగితాలు మేం పైకి పంపేశాం, ఊళ్లో ఒక్క ప్రతీ మిగల్లేదు. ఇప్పుడు గీసేవి ఊళ్లోనే ఉండాలి. బడిలో ఇలా చేస్తున్నాం. మొదట పిల్లలు వాకిట్లో మట్టితో కొండలు చేసి, నూలుతో గెడ్డలు, గింజలతో దారులు పరుస్తారు. అవ్వల్నీ తాతల్నీ పిలిచి తప్పులు దిద్దించుకుంటారు. తరవాత చార్టు మీద గీస్తారు. పెద్ద పిల్లలు ఫోనుతో నడిచి కొలతలు సరిచూస్తారు. పేర్లు మాత్రం ఊరివాళ్లు పలికినట్టే రాయిస్తాం. కువిలో పలికితే కువిలో, ఆదివాసీ ఒరియాలో పలికితే అలాగే, తెలుగు అక్షరాల్లో. ఊరి పేరుకి అర్థం ఉంటుంది. అక్షరం మారితే ఆ అర్థం పోతుంది.

అన్నీ పటంలో పెట్టాలా అంటే, అక్కర్లేదు. శంకుదేవుడి చోటు, మందుచెట్లు దొరికే చోటు, తేనె బండలు అందరి ఫోన్లలోకీ ఎక్కితే ఎవరెవరు వస్తారో మనకి తెలుసు. ఏది బయటి పటంలో ఉండాలి, ఏది ఊరి పటంలో మాత్రమే ఉండాలి, ఏది పెద్దల నోట మాత్రమే ఉండాలి అన్నది గ్రామసభ కూర్చుని తేల్చాలి. ఒక కుర్రాడు ఉత్సాహంలో ఒక్కడే తేల్చేది కాదు.

దారి పట్టే పిల్లలకి కొన్ని జాగ్రత్తలు. బయల్దేరే ముందు ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఫోనుని ఫ్లైట్ మోడ్‌లో పెడితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, జీపీఎస్ చాలా ఫోన్లలో అప్పుడూ పనిచేస్తుంది. మీ ఫోనులో పనిచేస్తోందో లేదో ఊళ్లోనే చూసుకోండి. ముఖ్యమైన చోట్ల అంకెలు కాగితం మీద కూడా రాసుకోండి. అంకెలు చెప్పేటప్పుడు ఒకే పద్ధతిలో చెప్పండి. 18.05 డిగ్రీలు వేరు, 18 డిగ్రీల 5 నిమిషాలు వేరు. ఒకదాన్ని ఇంకోటిగా చదివితే మూడున్నర కిలోమీటర్లకి పైగా తేడా వస్తుంది. దశాంశంలో చెబితే చుక్క తరవాత కనీసం నాలుగంకెలు చెప్పండి, అప్పుడు తేడా పది పన్నెండు మీటర్లకి మించదు. ఫోను ఒకటి చెప్పి, దారిలో ఎదురైన అవ్వ ఇంకోటి చెబితే, ముందు ఆగండి. ఎందుకలా అంటోందో అవ్వని అడగండి.

తోటి టీచర్లకి మా విన్నపం ఒక్కటే. వచ్చే వేసవి సెలవుల్లో మీ ఊళ్లో డోలీ దిగే దారి ఒక్కటి తీసుకోండి. ఆ దారి బాగా తెలిసిన ఒక అవ్వనో, తాతనో ముందు నడవమనండి. పిల్లలు వెనక నడుస్తూ పేర్లు రాసుకోవాలి, పెద్ద పిల్లల చేతిలో ఫోను ఉండాలి. తిరిగొచ్చాక కాగితం మీద గీసి మూడు ప్రతులు తీయండి. ఒకటి బడిలో, ఒకటి గ్రామసభ దస్త్రంలో, ఒకటి ఆశా కార్యకర్త సంచిలో ఉంచండి. వానలు పడేలోపు అయిపోవాలి.